సైకిల్ మీద నీళ్ల లెక్క, ఉప్పు లెక్క: నా అనుభవం

హన్మకొండల ఉంట నేను. వారమంతా నౌకరి, ఆదివారం సైకిల్. ములుగు రోడ్డు పట్టుకొని రామప్ప దాకా పోయి వచ్చుడంటే రానుపోను 130 కిలోమీటర్లు దాటుతది, మా దిక్కు లాంగ్ రైడ్‌లు మొదలుపెట్టేటోళ్లకు అదే మొదటి పెద్ద పరీక్ష. కొత్తగా వచ్చేటోళ్లు అడిగేది సైకిల్ ఎంతకు కొన్నవన్నా అని, ఆ తర్వాత సీటు నొయ్యదా అని. నీళ్ల గురించి ఎవ్వరు అడగరు. దూపైతే తాగుడే కదా, దాంట్ల ఏముంది అంటరు. ఆ మాటల సగం కంటే ఎక్కువే నిజం ఉన్నది, కాని మిగిలింది తెల్సుకునేటందుకు నాకు, మా బావకు కలిపి ఒక ఎండకాలం, ఒక వానకాలం పట్టింది. గదే రాస్తున్న ఇక్కడ.

ముందుగాల మా ఇద్దరి సంగతి చెప్పాలె. నాది ఉప్పు చెమట. నల్ల జెర్సీ ఏసుకొని ములుగు దాకా పోయినంటే వీపు మీద, భుజాల మీద తెల్ల చారికలు తేలుతయ్, హెల్మెట్ బెల్టు ఎండినంక గట్టిపడ్తది, కనుబొమ్మల మీదికెళ్లి చెమట జారి కండ్లల్ల పడ్డదంటే మంటకు సైకిల్ ఆపాల్సిందే. బావది ఉల్టా. ఆయనకు చెమట బానే కారుతది గాని బట్ట మీద మరకే ఉండదు. యాభైకి దగ్గర్ల ఉన్నడు, బరువు 84 కిలోలు, బీపీ గోలీ ఏసుకుంటడు, డాక్టర్ ఉప్పు తగ్గించుమన్నడని ఇంట్ల అక్క కూరలల్ల ఉప్పు ఉన్నదా లేదా అన్నట్టు ఏస్తది. ఇద్దరం ఒక్కటే రోడ్డు మీద, ఒక్కటే ఎండల, ఒక్కటే స్పీడ్‌ల పోతం, కాని లోపల జరిగేది మాత్రం ఇద్దరికి వేరే వేరే.

బావ ఎక్కడనో వీడియోల చూసిండు, దూప కాకముందే తాగాలె, దూపైందంటే అప్పటికే లేట్ అయినట్టు అని. ఇగ ఆయన హ్యాండిల్‌కు రెండు బాటిళ్లు, వీపు మీద నీళ్ల బ్యాగ్, పది నిమిషాలకోసారి వాచ్ మోగుడు, మోగినప్పుడల్లా గుటగుట తాగుడు. ఆత్మకూర్ దాటకముందే ఒక బాటిల్ ఖాళీ. "బావా, పొద్దున ఐదున్నరకు ఇంకా సూర్యుడే రాలే, గింత దూప ఎక్కడిది నీకు" అంటే "దూప కాదు బామ్మర్దీ, ముందుజాగ్రత్త" అనేటోడు. మంచిదే కదా అని నేను కూడా ఊకున్న, ఎందుకంటే మన దగ్గర నీళ్లు తక్కువ తాగి వడదెబ్బ తాకినోళ్లనే చూసినం గాని నీళ్లు ఎక్కువై పడిపోయినోళ్లను ఎవరు చూసిండ్రు.

నేను మాత్రం వేరే దారిల మొదలుపెట్టిన. అందరు ఒక్కో నంబర్ చెప్తరు, గంటకు అర లీటర్ అని ఒకరు, లీటర్ అని ఒకరు, ఇంకొకరు నీ బరువును బట్టి అంటరు. చెమట ఒక్కొక్కరికి గంటకు అర లీటర్ నుంచి లీటరున్నర దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కూడా పోతది, మరి అందరికి ఒక్క నంబర్ ఎట్ల సరిపోతది. కాబట్టి నాది నేనే కొలుసుకోవాలె అనుకున్న. దానికి మెషిన్లు ఏం అక్కర్లేదు, ఇంట్ల బరువు చూసుకునే డిజిటల్ త్రాసు ఉంటె చాలు. పోయే ముందు మూత్రానికి పోయి వచ్చి, బట్టలు లేకుండ త్రాసు మీద నిలబడాలె. ఒక గంట గట్టిగ తొక్కాలె, ఎన్ని నీళ్లు తాగిండ్రో బాటిల్ మీద గీతలు చూసి గుర్తుపెట్టుకోవాలె, మధ్యల మూత్రానికి పోవద్దు. రాంగనే బట్టలు ఇడిచి, టవల్‌తోని ఒళ్లంత తుడ్సుకొని మళ్ల త్రాసు ఎక్కాలె. తడి బట్టలతోని ఎక్కితే లెక్క మొత్తం ఖరాబ్, ఎందుకంటే కారిన చెమటల కొంత ఆ బట్టలల్లనే ఉంటది. తగ్గిన బరువు, తాగిన నీళ్లు రెండు కలిపితే మీ చెమట. ఒక కిలో తగ్గిందంటే ఒక లీటర్ పోయిందనుకోవచ్చు.

ఏప్రిల్‌ల పదిగంటల ఎండకు ఖాజీపేట దాటి స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద తొక్కి వచ్చిన. పోయేటప్పుడు 71.6, వచ్చినంక 70.9, తాగింది 600 మిల్లీలీటర్లు. అంటే గంటల 1.3 లీటర్ల చెమట. అదే పని డిసెంబర్‌ల పొద్దుగాల చేస్తే అర లీటర్ కూడా అటూఇటూనే. మనిషి అదే, రోడ్డు అదే, సైకిల్ అదే, లెక్కల మాత్రం రెండింతల కంటే ఎక్కువ తేడా. అందుకే చలికాలం నంబర్ పట్టుకొని ఎండకాలం పోవద్దు, ఎండకాలం అలవాటు పట్టుకొని డిసెంబర్‌ల తాగద్దు. వానకాలందైతే ఇంకో తమాషా. ఆగస్టు, సెప్టెంబర్‌ల ఎండ లేకున్నా గాలిల తేమ ఎక్కువ ఉండి చెమట ఆరదు, కారి కిందికి పోతది, ఒళ్లు చల్లబడదు, శరీరం ఇంకా ఇంకా చెమట పోస్తది. మబ్బు పట్టిన రోజున కూడా నాకు లీటర్ దాటింది.

పోయిన చెమటనంత నీళ్లతోని తిరిగి నింపాలనుకోవద్దు. కడుపు కూడా ఒప్పుకోదు, గంటకు లీటర్ దాకా పోసినమంటే చాలామందికి కడుపుల నీళ్లు గలగలలాడుడు, తేన్పులు, వాంతికి వచ్చినట్టు అయుడు మొదలైతది. రైడ్ అయిపోయేసరికి బరువుల రెండు శాతం వరకు తగ్గితే ఎక్కువమందికి ఇబ్బంది లేదని స్పోర్ట్స్ వైద్యంల చెప్పే మాట. నాకు 71 కిలోలకు అది సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. రామప్పకు పోయొచ్చినంక 70.4 చూపిచ్చిందంటే నేను హాయిగ ఉన్న. పోయినప్పటి బరువే ఉన్నదంటే ఎక్కువ తాగినట్టే లెక్క. ఇగ పోయినప్పటి కంటే ఎక్కువున్నదంటే అది డేంజర్, ఆ సంగతి బావ దగ్గర చూసినం.

ఇగ ఉప్పు సంగతికొస్త. చెమటల నీళ్ల తర్వాత ఎక్కువ పోయేది ఉప్పే, అంటే సోడియం, క్లోరైడ్, పొటాషియం చాలా కొంచెం. లీటర్ చెమటల కొందరికి 400 మిల్లీగ్రాముల సోడియమే పోతది, కొందరికి వెయ్యి దాటుతది. ల్యాబ్‌ల చర్మానికి ప్యాచ్ అంటించి కరెక్టుగ కొలుస్తరు గాని మన దగ్గర అది ఎవ్వరు చేయించుకుంటరు, బట్టల మీది చారికలు చూసి అందాజ వేసుకుడే. నా చారికలను బట్టి వెయ్యి చుట్టుపక్కల అనుకున్న. దాంట్ల సగం తిరిగి లోపలికి పోతే చాలు, మిగిలింది ఇంటికొచ్చి తినే అన్నంల, పప్పుల, తొక్కుల దొరుకుతది.

ఆ ఉప్పు నీళ్లు ఇంట్లనే తయారుచేసుకోవచ్చు. ఇంట్ల చేసుకునే ఓఆర్ఎస్ లెక్క అందరికి తెల్సిందే, లీటర్ నీళ్లకు గీసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. నేను చెంచాను నమ్మకుండ వంటింటి చిన్న త్రాసు మీద కొలిచి పెట్టుకుంట, 750 మిల్లీలీటర్ల బాటిల్‌కు 2 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల చక్కెర, అర చెక్క నిమ్మకాయ. 2 గ్రాముల ఉప్పుల సుమారు 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటది. శనివారం రాత్రి చిన్న చిన్న పొట్లాలు కట్టి జేబుల పెట్టుకుంట, దారిల ఎక్కడన్నా నీళ్లు పట్టుకొని పొట్లం ఇప్పి ఏసుడే. ఒకసారి పోలీసాయన ఆపి ఆ తెల్ల పొట్లాలేంది అని అడిగిండు, నాలిక మీద ఏసుకొని చూపిచ్చిన తర్వాత నవ్వి పొమ్మన్నడు. చిటికెడు ఉప్పు అనే లెక్క మాత్రం పెట్టుకోవద్దు, మా అమ్మ చిటికెడుకు, నా చిటికెడుకు రెండింతలు తేడా ఉంటది.

సైంధవ లవణం, నల్లుప్పు అని కొందరు ఎక్కువ పైసలు పెట్టి కొంటరు. అవి కూడా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. రుచికి వేసుకుంటె వేసుకోండ్రి, చెమటకు మాత్రం ఇంటి ఉప్పే సరిపోతది.

చక్కెర ఎందుకు అంటే అది బలానికి ఒక్కటే కాదు. చిన్నపేగుల గోడల్ల గ్లూకోజ్, సోడియం రెండు కలిసి ఒక్క తలుపు నుంచే లోపలికి పోతయ్, వాటెనుక నీళ్లు పోతయ్. ఉత్త ఉప్పు నీళ్లు తాగితే ఈ తలుపు తెరుచుకోదు. ఈ సంగతి 1960ల్ల తెల్సింది, 1971ల బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్ సరిహద్దుల బన్‌గావ్ శిబిరంల కలరా వచ్చినప్పుడు సెలైన్ బాటిళ్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ డ్రమ్ములల్ల ఉప్పు, గ్లూకోజ్ కలిపి జనానికి తాగించి వేలమందిని బతికిచ్చిండు. ఆయనకు చనిపోయినంక 2023ల పద్మ విభూషణ్ ఇచ్చిండ్రు. మనం సైకిల్ మీద తాగేది ఆ నీళ్లకు చుట్టమే.

మరి మెడికల్ షాపుల ఓఆర్ఎస్ ప్యాకెట్ కొంటె అయిపాయె కదా అంటరు. అయితది, నేను కూడా బ్యాగుల రెండు పెట్టుకుంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) ఫార్ములా ప్యాకెట్ 21 గ్రాములకు దగ్గర్ల ఉంటది, మొత్తం ఒక లీటర్ నీళ్లల్ల కలపాలె, అప్పుడు దాంట్ల సుమారు 1,700 మిల్లీగ్రాముల సోడియం, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటది. అది విరేచనాలైనోళ్లకు చేసింది, ఉప్పు ఎక్కువ, బలం తక్కువ. గంటల తరబడి అదే తాగాలంటే నోరు ఒప్పుకోదు. బాగా చెమట పోయిన రోజు మధ్యాహ్నం ఒకటి తాగుత, గంతే. ప్యాకెట్‌ను అర లీటర్ బాటిల్‌ల మొత్తం గుమ్మరించి తాగేటోళ్లను చూసిన, అట్ల చెయ్యొద్దు, కడుపు తిప్పుతది, దూప ఇంకా పెరుగుతది.

ఇక్కడ ఇంకో మాట. కిరాణా షాపు ఫ్రిజ్‌ల చిన్న డబ్బాలల్ల ఓఆర్ఎస్ పేరు మీద తియ్యటి డ్రింకులు అమ్మేటోళ్లు, దాంట్ల చక్కెర మస్తు, ఉప్పు నామ్‌కేవాస్తే. హైదరాబాద్‌ల పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏండ్ల తరబడి కొట్లాడింది, చివరికి 2025 అక్టోబర్‌ల తిండి పదార్థాల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా లేకుండ ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకోవద్దని ఆర్డర్ ఇచ్చింది. అయినా డబ్బా ఎనుక చిన్న అక్షరాలు చదివి తీసుకునుడు మంచిది, లీటర్‌కు సోడియం ఎంతున్నదో చూస్తే ముచ్చట తెల్సిపోతది. కొబ్బరి బోండాం గురించి కూడా గిదే. రుచి బాగుంటది, పొటాషియం మస్తు, కాని మన చెమటల పోయే సోడియం దాంట్ల తక్కువ. దాంతోని పల్లీలో, ఉప్పు బిస్కెట్లో కలిపి తింటె సరిపోతది.

ఇగ బావ సంగతి. మే నెల మొదట్ల లక్నవరం దాకా పోదామని బయల్దేరినం. గట్టమ్మ తల్లి దగ్గర ఆగి దండం పెట్టుకునుడు మా దగ్గర ఆనవాయితీ, మేడారం పోయే బండ్లన్ని అక్కడ ఆగుతయ్, మేము కూడ ఆగినం. అప్పటికే ఆయన మూడుసార్లు మూత్రానికి ఆగిండు, అది కూడా నీళ్లంత తెల్లగ. ములుగు దాటినంక తల నొస్తుందన్నడు, ఎండ అనుకున్న. కొంచెం దూరం పోయినంక గ్లౌజులు ఇప్పుతుంటె వస్తలేవు, వేళ్లు ఉబ్బినయ్, ఉంగరం బిగుసుకపోయింది. ఏం తినబుద్ధి ఐతలేదు, కడుపుల తిప్పుతుంది అంటుండు. పక్కపొంటి పోయే జీపు డ్రైవర్ ఆగి "నీళ్లు తాగించన్నా, వడదెబ్బ తాకినట్టుంది" అన్నడు, బావ కూడా బాటిల్ అందుకున్నడు. నాకు ఎందుకో ఆ ఉబ్బిన వేళ్లు చూస్తే అనుమానం వచ్చింది, ఒళ్లు ఎండిపోయినోనికి వేళ్లు ఉబ్బవు కదా. నీళ్లు ఆపించిన. ఎదురుంగ ఉన్న హోటల్‌ల మిర్చి బజ్జీ, ఉప్పు పల్లీలు తినిపిచ్చి, నీడకు కూసోబెట్టి, ఆటోల సైకిళ్లు ఎక్కించుకొని వాపస్ వచ్చినం. మతి తప్పినట్టు మాట్లాడినా, ఫిట్స్ లెక్క వచ్చినా గిట్ల కూసోకుండ సీదా దవాఖానకే పోవాలె, అది ఇంట్ల తేలే ముచ్చట కాదు.

ఇంటికొచ్చి త్రాసు ఎక్కిచ్చిన. పొద్దున 84.2, అప్పుడు 85.0. ఎండల నాలుగు గంటలు తొక్కి, అన్నిసార్లు మూత్రానికి పోయి, బరువు పెరిగిండు మనిషి. తెల్లారి మా కాలనీల ఉండే ఫిజీషియన్ సార్ రక్త పరీక్ష రాసిండు, సోడియం 131 వచ్చింది, ఉండాల్సింది 135 నుంచి 145 మధ్యల. సార్ గోలీల పేరు చూసి తలకాయ ఊపిండు. బీపీ గోలీల నీళ్లు తీసే మందు, హైడ్రోక్లోరోథయాజైడ్ అనేది కలిసి ఉన్నది, అది మూత్రంల సోడియం ఎక్కువ పోనిస్తది. ఒకపక్క మందు సోడియం తీస్తుంది, ఇంకోపక్క చెమటల పోతుంది, ఇంట్ల ఉప్పు లేదు, పైనుంచి లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు. సార్ గోలీ మార్చిండు, రైడ్ రోజుకు ఎంత ఉప్పు అని ఆయనే రాసిచ్చిండు. బీపీ, కిడ్నీ, గుండె మందులు వాడేటోళ్లు ఈ నా పొట్లాల లెక్క చూసి ఏం చెయ్యకండ్రి, మీ డాక్టర్‌ను అడిగే చెయ్యండ్రి. డాక్టర్‌కు కూడ సైకిల్ తొక్కుతున్న అని చెప్పాలె, మనం చెప్పకుంటె ఆయనకు ఎట్ల తెలుస్తది.

దీన్ని హైపోనట్రీమియా అంటరు, రక్తంల సోడియం పల్చబడుడు. గిది మా బావకు ఒక్కనికే వచ్చింది గాదు. 2002 బోస్టన్ మారథాన్‌ల ఉరికిన 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందికి సోడియం తక్కువున్నదని 2005ల న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌ల వచ్చింది, అట్ల అయినోళ్లల్ల రేసుల బరువు పెరిగినోళ్లు ఎక్కువ. ఆ రేసుల ఒకామె ప్రాణమే పోయింది. 1990ల్ల ఎంత పడితే అంత తాగుమని చెప్పిన పెద్ద సంస్థలే ఆ తర్వాత మాట మార్చుకున్నయ్. ఇంకో ముఖ్యమైన సంగతి, ఉప్పు తిన్నం కదా అని నీళ్లు ఎన్నైనా తాగొచ్చు అనుకోవద్దు, చెమట కంటే నీళ్లు ఎక్కువైనప్పుడు ఉప్పు పొట్లాలు ఆపలేవు. ముందు నీళ్ల కొలత, ఆ తర్వాతనే ఉప్పు.

అందుకే ఇప్పుడు బావ వాచ్ అలారం తీసేసిండు. దూపైతే తాగుతడు, లేకుంటె లేదు. నేను హ్యాండిల్‌కు రెండు బాటిళ్లు పెడ్త, ఒకటి ఉప్పు చక్కెర నిమ్మకాయది, ఇంకోటి ఉత్త నీళ్లు. ఏది తాగబుద్ధైతే అది. విచిత్రం ఏందంటే నోరే చెప్తది, చెమట బాగా పోయిన రోజు ఉప్పు నీళ్లు తియ్యగ లాగుతయ్, ఉప్పు సరిపోయినంక అదే బాటిల్ నోట్లె పెట్టబుద్ధి కాదు. ఎండాకాలం మొదట్ల నా చారికలు మరీ తెల్లగ ఉంటయ్, రెండు వారాలు ఎండల తొక్కినంక పల్చబడ్తయ్. ఎండకు అలవాటైన ఒళ్లు చెమట తొందరగ పోస్తది, కాని దాంట్ల ఉప్పు ఆపుకుంటది, కాబట్టి మార్చి నెల పొట్లాలు మే నెలల కొంచెం తగ్గిస్త.

పిక్కలు పట్టుడు గురించి అందరు ఉప్పు తక్కువైందనే అంటరు. నాకు కూడ రామప్ప నుంచి వచ్చేటప్పుడు జాకారం ఎత్తు దగ్గర పిక్కలు పట్టేవి. ఉప్పు సరిచేసినంక కొంత తగ్గింది, కాని మొత్తం పోలే. తర్వాత గమనిస్తె అవి ఎప్పుడూ స్పీడ్ ఎక్కువ కొట్టిన రోజే, ఆఖరి గంటలనే పట్టినయ్. అలసిపోయిన కండరంల నరాల పని తప్పుడు కూడా కారణమని ఇప్పుడు చాలామంది డాక్టర్లు చెప్తరు. పచ్చళ్ల ఉప్పు పుల్లటి నీళ్లు తాగించి చూసిన ఒక ప్రయోగంల పట్టుడు ఒకటిన్నర నిమిషాలల్ల తగ్గింది, అంత తక్కువ టైంల ఆ ఉప్పు రక్తం దాకా పోనే పోదు, గొంతుల పుల్లటి ఘాటు తగిలి నరాలకు కబురు పోతది అని వాళ్ల అందాజ. మామిడికాయ తొక్కు చిన్న డబ్బల పెట్టుకొని పోతున్న, పిక్క పట్టంగనే వేలుతోని కొంచెం నాలిక మీద, పనిచేస్తుంది. గేర్ తగ్గించుకొని మెల్లగ తొక్కుడు ఇంకా బాగా పనిచేస్తుంది.

నీళ్లు చల్లగ ఉంచుడు కూడా ఒక పని. ఏప్రిల్‌ల తొమ్మిదింటికి బాటిల్ నీళ్లు చాయ్ కంటే కొంచెమే తక్కువ వేడి ఉంటయ్, దూపున్నా తాగబుద్ధి కాదు. ఒక బాటిల్ సగం నింపి రాత్రి ఫ్రీజర్ల పెడ్త, పొద్దున మిగిలిన సగం నీళ్లు పోస్త. ఇంకో బాటిల్‌కు తడి సాక్సు తొడుగుత, గాలి తాకి నీళ్లు ఆవిరైతుంటె రంజన్‌ల నీళ్ల లెక్క చల్లగ ఉంటయ్, సాక్సు మాత్రం మాటిమాటికి తడపాలె. దారిల ఎండకాలం ఊరికో చలివేంద్రం ఉంటది మన దగ్గర, కొన్ని చోట్ల ఉప్పేసిన మజ్జిగ, అంబలి కూడ పోస్తరు. అవ్వలు గ్లాసు నింపి ఇచ్చి ఇంకోటి తాగు బిడ్డా అని ఒత్తిడి చేస్తరు, ఆ రెండో గ్లాసు వద్దనుడే కష్టం. ఉప్పు మజ్జిగ, జొన్న అంబలిల నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం మూడు ఉంటయ్, దుకాణంల ఏ డ్రింకుకు అది తక్కువ కాదు. నెత్తి మీద, మెడ మీద నీళ్లు పోసుకునుడు మాత్రం లెక్కల రాదు, మనసున్నంత పోసుకోవచ్చు, అవి కడుపుల పోవు కాబట్టి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు, ఇది అంతా రైడ్ రోజు ముచ్చట. డబ్ల్యూహెచ్ఓ రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినుమంటది, మన ఇండ్లల్ల తొక్కు, పచ్చిపులుసు, అప్పడాలు కలిపితే అది రోజు దాటుతనే ఉంటది. ఆఫీసుల ఫ్యాన్ కింద కూసొని ఓఆర్ఎస్ తాగాల్సిన పని లేదు. గంట, గంటన్నర తొక్కే రోజు కూడా ఉత్త నీళ్లు చాలు.

బీఆర్ఎం, అంటే ఇంత టైంల పూర్తి చెయ్యాలని పెట్టే లాంగ్ సైకిల్ రైడ్‌లకు పోవాలనుకునేటోళ్లకు ఒక మాట. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటల టైం ఇస్తరు. అంత పొడుగు రైడ్‌ల గంట గంటకు పొట్లాలు కలుపుకుంట కూసుంటె విసుగొస్తది, అక్కడ ఉప్పు తిండిల నుంచే రావాలె. ఇడ్లీ సాంబార్, ఉప్మా, పెరుగన్నంల తొక్కు. రాత్రిపూట చెమట బాగా తగ్గుతది, కాని చేయి అలవాటు మీద బాటిల్ దగ్గరికే పోతది, అక్కడ జర చూసుకోవాలె.

ఇప్పుడు నాకు మిగిలిన కష్టం ఒక్కటే. ఆరేడు గంటలైనంక తియ్యటిది ఏది నోట్లె పెట్టబుద్ధి కాదు, చక్కెర నిమ్మకాయ నీళ్లు కూడా వద్దనిపిస్తది. జేబుల ఖర్జూరం, పల్లి పట్టి అట్లనే వాపస్ వస్తున్నయ్. అందుకని అక్కతోని సర్వపిండి చేయించుకొని, చిన్న ముక్కలు కోసి, కాగితంల చుట్టి పెట్టుకుంటున్న. ఉప్పున్నది, బియ్యప్పిండి ఉన్నది, పల్లీలు, నువ్వులు ఉన్నయ్, ఎండకు కరిగేది లేదు. పాకాల దాకా పోయినప్పుడు బానే పనిచేసింది. నూనె జర తగ్గియ్యాలె, ఎక్కువైతే కడుపుల బరువుగ ఉంటది. బావ మాత్రం కారం ఎక్కువైందంటుండు, అది తింటె మళ్ల దూపైతుందట.